ఏడవ పేరా

న్యాయమూర్తి భోజనానికి లేచారనీ, ఇక రెండున్నర దాకా ఎవరి పేరూ పిలవరనీ అటెండర్ చెన్నయ్య చెప్పి వెళ్ళిన తరువాత కూడా చంద్రశేఖర్ వరండాలోని ఆ బల్ల మీద నుంచి లేవలేదు. లేస్తే ఎటు వెళ్ళాలో తెలియదు. ఇంటికి వెళితే మళ్ళీ రాబుద్ధి కాదన్న భయమూ ఉంది. గద్వాలలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇతరుల ఆస్తులకు కాగితాలు రాసి బతుకుతున్న దస్తావేజు లేఖరికి సాక్షి బోను కొత్త కాదు. తాను రాసిన కాగితం తగాదాకు వచ్చిన ప్రతిసారీ వచ్చి అవే నాలుగు వాక్యాలు చెప్పి వెళ్ళేవాడు: ఇది నా దస్తూరి, ఆయన చెప్పగా నేను రాశాను, రాసినది మొత్తం చదివి వినిపించాను, ఆయన విని, సరేనని, సాక్షుల ఎదుట వేలిముద్ర వేశాడు. ఈ బల్ల అంచు ఎందరి రాపిడికో నున్నబడినట్టే ఆ నాలుగు వాక్యాలూ నోట్లో నున్నబడిపోయి, నాలుకకు ఎక్కడా తగలకుండా జారేవి. ఈ రోజు మూడవ వాక్యం తగులుతోంది. పొద్దున పళ్ళు తోముకుంటూ అద్దంలో చూసి ఒకసారి పలికి చూశాడు. ఇది నా దస్తూరి. ఆయన చెప్పగా నేను రాశాను. అక్కడ ఆగిపోయాడు. కుళాయి కారుతూనే ఉంది. ఆలోచిస్తే ఆ రెండవ వాక్యం కూడా పూర్తిగా నిజం కాదు, కానీ దాని సంగతి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

తగాదా రెండు మాటల్లో చెప్పుకోదగినది. గట్టు మండలంలో అనంతయ్య అనే రైతు మంచాన పడి, చనిపోయే ముందు తన నాలుగెకరాల చెలకనూ, బావినీ, ఇంటినీ కొడుకు రాఘవేందర్‌కు కాక చెల్లెలు జములమ్మకు రాశాడు. పదమూడేళ్ళుగా ఆమె ఆ చెలక చేసుకుంటోంది. రెండేళ్ళ కిందట అందులో సగం కూతురు కల్పనకు దానం రాసి ఇవ్వగానే, వనపర్తిలో ఎరువుల దుకాణం నడుపుకునే రాఘవేందర్ ఆమెకు ఆ అధికారం లేదని దావా వేశాడు. ఇద్దరూ నిలబడినది ఒకే కాగితం మీద. వీలునామా మొదటి పేరా ‘నా తదనంతరము నా చెల్లెలు జములమ్మకు సర్వహక్కులతో చెందవలెను’ అంటుంది. జములమ్మ దాని మీద నిలబడింది. చివరిదైన ఏడవ పేరా ‘సదరు జములమ్మ తన జీవితకాలము అనుభవించి, ఆమె తదనంతరము సదరు ఆస్తి నా మగ సంతానమునకు చెందవలెను’ అంటుంది. రాఘవేందర్ దాని మీద నిలబడ్డాడు. అమ్మకపు దస్తావేజులో రెండు షరతులు ఒకదానితో ఒకటి పొసగకపోతే ముందుది నిలుస్తుంది, వీలునామాలో వెనుకది నిలుస్తుంది: పని నేర్చుకున్న మొదటి నెలలోనే తండ్రి నర్సింహులు చెప్పిన మాట. ఎందుకట్లా అని అడిగితే, అమ్మినవాడు ఒకసారి ఇచ్చేశాక వెనక్కి తీసుకోలేడు, పోయేవాడు కడపటి ఊపిరి దాకా మనసు మార్చుకోవచ్చు, కాబట్టి వాని ఆఖరి మాటే వాని మాట అన్నాడు ఆయన, చెవి వెనుక పెన్సిలు పెట్టుకుంటూ. ఆ మాటలోని న్యాయం అప్పుడు ఎంతో అందంగా తోచింది. ఏడవ పేరా అనంతయ్య ఆఖరి మాట. అనంతయ్య ఎన్నడూ అనని ఆఖరి మాట.

వరండా చివర గోడ నీడలో జములమ్మ కూర్చుని ఉంది. కాళ్ళు చాపుకుని, మోకాళ్ళ మీద చేతులు బోర్లించి, ఎవరి వైపూ చూడకుండా. ఆ చేతుల్ని అతడు మొదటిసారి చూసింది పుప్పొడితో. వీలునామా రాసిన ఏడు ఆగస్టు నెల, విత్తన పత్తి క్రాసింగు రోజులు. ఊరు ఊరంతా చేలల్లోనే ఉంది. సాయంత్రం ఆడ వరుసల్లో మొగ్గ మొగ్గా విప్పి లోపలి పుప్పొడి కాడల్ని గోటితో గిల్లేసి ఎర్ర కాగితం తొడగడం, మరునాడు ఎండ ముదిరేలోపు మగ పువ్వు తెచ్చి ఆ కాగితం తీసిన పువ్వుకు రుద్దడం. పొరపాటున ఒక్క మొగ్గ గిల్లకుండా వదిలితే కంపెనీవాడు ఆ వరుసంతా పీకించేవాడు. ఆమె ఒక్క మొగ్గ కూడా వదలదని అనంతయ్య మంచంలో నుంచే గొప్పగా చెప్పాడు. నలభై ఏళ్ళు తాను ఆ చెలకలో ఏ పని చేసినా పక్క సాలులో చెల్లె ఉండేదని చెప్పాడు. ఇరవై రెండేళ్ళప్పుడు, చంకలో పిల్లతో, మొగుని ఇంటి నుంచి నడిచి వచ్చి గడపలో నిలబడితే, నేనేమీ అడగలే, అదేమీ చెప్పలే, మర్నాడు ఇద్దరం చెలకల గుంటుక కట్టినం అని చెప్పాడు. ఇదంతా వీలునామాలో రాయవలసిన పని లేదు. లేఖరికి కావలసింది సర్వే నంబరు, హద్దులు, పేర్లు. అయినా ఇప్పుడు, ఈ బల్ల మీద, అతనికి సర్వే నంబరు గుర్తు రావడం లేదు, ఆ గుంటుక గుర్తు వస్తోంది.

వీలునామాకు అర్థం చెప్పే న్యాయమూర్తి దాన్ని రాయించినవాని కుర్చీలో కూర్చుని చూడాలట. అతనికి ఎవరు దగ్గర, ఎవరు దూరం, ఆ రోజు అతని కళ్ళ ముందు ఏముంది, ఎవరి చేతి కూడు తిన్నాడు, అన్నీ అక్కడి నుంచి చూడాలి. కానీ ఆ కుర్చీలో కూర్చుని కాగితంలో ఉన్న మాటలకే అర్థం వెతకాలి తప్ప, అతడు అనాలనుకుని అనని మాటల్ని ఊహించి కలపరాదు, ఉన్నవాటిని కొట్టివేయరాదు. చట్టం పుస్తకంలో ఇది చదివిన రాత్రి చంద్రశేఖర్ చాలాసేపు దాన్ని మూయలేదు. అనంతయ్యకు కుర్చీ లేదు. నులక మంచం ఉండేది. నడుములో నులక వదులై ఊయలలాగా కుంగి, అందులో పడుకున్న మనిషికి ఎదురుగా గోడా వాసాలూ తప్ప ఏమీ కనిపించేవి కావు, వంటింటి గడప మాత్రం కనిపించేది. న్యాయమూర్తి మేడమ్‌గారు, ఇంత పొందికగా చీర కట్టుకుని, కళ్ళద్దాలు సర్దుకుంటూ వచ్చే ఆ మేడమ్‌గారు, ఆ మంచంలోకి ఎట్లా దిగుతారు? దిగితే ఆ గడపలో చాయ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ మనిషి కనిపిస్తుందా? ఆ గ్లాసుల అంచు మీద పసుపు పచ్చని పొడి?

“నా తర్వాత చెల్లెది. చెల్లె తర్వాత చెల్లె ఇష్టం, ఎవలకిచ్చుకుంటదో దాని మర్జీ. నడుమ ఎవ్వడు రావద్దు.” అనంతయ్య చెప్పింది ఇంతే. “మరి కొడుక్కు?” అని అడిగితే, ఆ సరిహద్దు ఊళ్ళ కన్నడపు మాటలో “బ్యాడ” అన్నాడు, వద్దని. “వానికి వనపర్తిల దుకాణం నేనే పెట్టిపిస్తి. వాని పాలు వానికి ముట్టింది. రెండేండ్ల నుంచి మంచంల ఉన్న, రెండుసార్లొచ్చిండు. వచ్చిన రెండుసార్లు గడియారం చూసుకున్నడు.” ఆ మాట విని చంద్రశేఖర్ తన గడియారం చూసుకోబోయి మానుకున్నాడు. గద్వాలకు ఆఖరి బస్సు అయిదున్నరకు. మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని తెల్ల కాగితం మీద రాస్తూ పోయాడు. మొదటి పేరాలో సర్వహక్కులు ఇచ్చాడు, ఆ తరువాత హద్దులు, పత్రాల జాబితా, మునుపటి వీలునామా ఏదీ లేదన్న మాట, స్వస్థచిత్తంతో రాయించానన్న మాట. ఆరవ పేరా అయింది. చెయ్యి ఆగలేదు. ఆగవలసిన చోట ఆగకుండా ఏడవ పేరా రాసింది. రాస్తున్నప్పుడు అతడు వినలేదు. కలం వింటున్నట్టు ఉండేది, దానికి బాగా తెలిసిన పాటను అది పాడుకుంటున్నట్టు.

తండ్రి బైండు పుస్తకం. ఎర్ర గుడ్డ అట్ట, మూలలు చిరిగి లోపలి పీచు కనిపించేది. నిజాం కాలంలో వసీయత్‌నామాలనే ఉర్దూ వీలునామాలను చూసి నర్సింహులు తెలుగులోకి దించుకున్న నమూనాలు అందులో ఉన్నాయి. స్త్రీ పేర రాయు వసీయత్, పుట నలభై మూడు, ఏడు పేరాలు. మగవాని పేర రాసేవాటికి ఆరే. ఎందుకని అడగడం అతనికి ఎప్పుడూ తోచలేదు; ఆడదాని చేతికి ఆస్తి ఇచ్చినప్పుడు అది మళ్ళీ తిరిగి రావడానికి దారి వేసిపెట్టాలన్నది తండ్రి మాటగా కూడా ఎప్పుడూ వినలేదు, అది పుట నలభై మూడులో ఉంది, అంతే. ఉస్మానియాలో ఎమ్మే తెలుగు చదివి వచ్చి, ఉద్యోగం దొరకక తండ్రి రాత బల్ల ముందు కూర్చున్న రోజుల్లో అతన్ని ఆ పనిలో నిలబెట్టింది ఆ ఏడవ పేరా నడకే కావచ్చు. ‘జీవితకాలము అనుభవించి, ఆమె తదనంతరము’ అన్న చోట వాక్యం ఎంత నిదానంగా ఒంగి, ఎంత గంభీరంగా నేలకు దిగేదో. దాన్ని రాసేటప్పుడు అక్షరాలు మరికాస్త గుండ్రంగా వచ్చేవి. మల్దకల్‌లో, అమరచింతలో, ఆత్మకూరులో, ఎందరు తండ్రులు ఎందరు కూతుళ్ళకు, ఎందరు మొగుళ్ళు ఎందరు పెళ్ళాలకు రాయించారో. అన్నింటి చివరా ఆ గుండ్రని అక్షరాలే. అందరి ఆఖరి మాటా నర్సింహులు మాటే. ఆయన పోయి ఇరవై ఎనిమిదేళ్ళయినా ప్రతి మరణశయ్య దగ్గరా ఆఖరున ఆయనే మాట్లాడుతున్నాడు, కొడుకు చేతితో.

అట్ట మీద రాయడం పూర్తయ్యేసరికి అయిదు దాటింది. మొదటి రెండు పుటలు చదివి వినిపించాడు, హద్దుల దగ్గర అనంతయ్య ఒక తప్పు పట్టాడు, దిద్దాడు. అనంతయ్యకు దగ్గు తెర వచ్చింది. సాక్షులుగా పిలిపించిన కురుమూర్తీ సాంసన్ సారూ వాకిట్లో బీడీ ముట్టించుకోవడానికి లేచారు. మూడవ పుట చేతిలో ఉంది. బస్సు ఉంది. “మిగతాది మామూలే” అన్నాడు చంద్రశేఖర్. అది కూడా అతని అలవాటే. పుట నలభై మూడు నుంచి వచ్చినదాన్ని ఎవరికీ చదివేవాడు కాదు, అందరికీ ఒకటే కాబట్టి. “మామూలంటే ఏంది?” అని అనంతయ్య దగ్గు మధ్య అడిగాడు. “అందరికీ రాసేదే.” ఆ ముసలి రైతు ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. చదువుకున్నవాని మొహం. “అందరికీ రాసేదైతే మంచిదే” అని బొటనవేలు చాపాడు. ఇప్పుడు కురుమూర్తి లేడు. సాంసన్ సారు పక్షవాతంతో నోటి మాట పోయి మంచాన ఉన్నాడు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పగలిగిన బయటివాడు ఈ లోకంలో ఒక్కడే మిగిలాడని, అతన్ని సాక్షిగా పిలిపించుకున్నది రాఘవేందర్ వకీలు. ఏడవ పేరాతో సహా చదివి వినిపించారా? విన్నాడా? ఒప్పుకున్నాడా? మూడు ప్రశ్నలు, మూడు అవునులు, చాలు.

వారం కిందట అతడు జములమ్మ తరఫు వకీలు యమున ఇంటికి వెళ్ళి నిజం చెప్పాడు. జీవితంలో మొదటిసారి ఎవరి ముందరైనా చదవలేదన్న ఆ వాక్యాన్ని బయటికి అన్నాడు. ఈ పొద్దున ఆమె మెట్ల దగ్గర అతన్ని ఆపింది. “సార్, దండం పెడత, చదవలే అని మాత్రం అనకున్రి. రాయించినాయనకు లోపల ఏమున్నదో తెల్వదంటే వీలునామానే పోతది. పోతే కన్నకొడుకు కాబట్టి మొత్తం రాఘవేందర్‌కే. చదివిన అనున్రి. ఆమె బతికినన్ని దినాలన్న మిగులుతది. మొదటి పేరాల సర్వహక్కులు ఇచ్చినంక చివర్ల కోసెయ్యరాదని నేను కొట్లాడత, హైకోర్టు దాకా పోత.” అన్నది కానీ ఆమె మొహంలో హైకోర్టు లేదు. చదివి వినిపించాక, విని ఒప్పుకున్నాక, అది ఆయన మాటే అవుతుందని ఆమెకూ తెలుసు. మధ్య దారి కోసం అతడు రాత్రంతా వెతికాడు. చదివాను కానీ అది నమూనాలోని పేరా, ఆయన చెప్పింది కాదు అంటే? చదివినప్పుడు ఆయన వద్దన్నాడా అని అడుగుతారు. గుర్తు లేదంటే? అన్ని పేరాలూ గుర్తుండి అదొక్కటే గుర్తు లేదా అని అడుగుతారు. ఎటు నుంచి వచ్చినా దారి ఆ మూడవ వాక్యం దగ్గరికే వస్తుంది: చదివానంటే జములమ్మ కూతురి నోట్లో మట్టి, చదవలేదంటే జములమ్మ నోట్లోనే.

“సార్, జర చాయ్ తాగున్రి.” రాఘవేందర్ రెండు కాగితపు కప్పులతో ఎదుట నిలబడ్డాడు. నలభై అయిదేళ్ళ మనిషి, తండ్రి నుదురే. పక్కన కూర్చుని తన కప్పు ఊదుకున్నాడు. “మా అత్త మీద నాకు కోపం లేదు సార్. ఉన్నన్ని దినాలు ఉండనీ, నేనేమన్న ఎల్లగొడుతున్ననా? కాగితంల ఏమున్నదో గదే అడుగుతున్న. నేను రాసిన్నా గా కాగితం? మీరే రాస్తిరి.” చంద్రశేఖర్ చాయ వైపు చూశాడు. మీగడ కట్టింది. “మా నాయన అంటుండె, శేఖర్ సారు రాసిండంటే దాంట్ల వకీలు గూడ ఏలు పెట్టలేడని. నాకు కోపమొచ్చి ఆయన పోయేదాక ఇంటికే పోలే. ఆఖరికి చూస్తే నన్ను పూరా మరువలే ముసలోడు. ఏడో పేరా చదివిన నాడు ఏడ్సిన సార్, దుకాణంల కూసొని.” అతడు నిజంగానే ఏడ్చి ఉంటాడు. ఆ సంగతి ఇప్పటిదాకా తోచలేదు చంద్రశేఖర్‌కు. పుట నలభై మూడు ఒక కొడుకును తండ్రితో రాజీ చేసింది. తండ్రి క్షమించాడని నమ్ముకుని ఒక మనిషి పదమూడేళ్ళుగా నిద్రపోతున్నాడు. ఆ క్షమ కూడా నమూనాలోదే అని ఎవరు చెప్పాలి అతనికి? తాగకుండానే కప్పు బల్ల కింద పెట్టాడు.

నూనె మరక. దాని గురించి తలచుకోకూడదనుకుంటాడు, తలచుకుంటాడు. అక్క భీమమ్మ గది గోడ మీద, మంచం తలవైపు, ఆమె తల ఆనించిన చోట ఏళ్ళ తరబడి కొబ్బరినూనె ఇంకి అరచెయ్యి వెడల్పున నల్లబడిన మరక. తండ్రి తన వీలునామా తానే రాసుకున్నాడు, రోడ్డు వైపు గదులు రెండూ మొగుడు పోయి ఇల్లు చేరిన కూతురికి, ఏడు పేరాలతో. అక్క చివరి పదకొండేళ్ళూ కదలలేకపోయింది. నాగర్‌కర్నూల్ అవతల నల్లమల నుంచి, అడవిలో గుడిసె వదిలి వచ్చిన ఈదమ్మ ఆమెను ఎత్తి కూర్చోబెట్టింది, కడిగింది, రాత్రి మూలిగితే లేచింది. పోయే ముందు అక్క అడిగింది, “తమ్మీ, ఒక్క గది ఈదమ్మకు రాయొస్తదా? యాడికి పోతదిరా అది?” అతడు తండ్రి కాగితం తెచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని, చదివి వినిపించాడు. మొత్తం. ఏడవ పేరాతో సహా. “నీది జీవితకాలమే అక్కా, ఇచ్చే హక్కు నీకు లేదు. కాగితం ఒప్పుకోదు.” తాను ఇవ్వవచ్చుననీ, ఆమె తదనంతరము అది తనదేననీ, తాను ఒక్క సంతకంతో ఇవ్వవచ్చుననీ అతడు అనలేదు, ఆమె అడగలేదు. తమ్ముని వైపు కాసేపు చూసి గోడకు తల ఆనించింది. పదమూడవ రోజు అయ్యాక ఈదమ్మ మూట కట్టుకుని అమ్రాబాద్ బస్సు ఎక్కింది. ఇంట్లో పుస్తకాలు పట్టడం లేదు కాబట్టి ఆ గదిలో బీరువాలు పెట్టించాడు. ఆ మరక ముందు నిఘంటువుల బీరువా. సున్నం వేసినవాడు మరక పోదని, రెండు పూతలు పడినా పైకి వస్తుందని చెప్పాడు. బీరువా వెనుక ఎవరు చూస్తారులే అన్నాడు చంద్రశేఖర్. ఇప్పుడు ఆ మరక ఎంత ఉందో.

“మంచిగున్నవా శేఖర్ సారూ?” జములమ్మ వచ్చి బల్లకు ఈ చివర కూర్చుంది. ఆమె ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. “గా దినం నేను చాయ పట్టుకొని గడప కాడనే నిలవడ్డ. యాదున్నదా?”

“యాదున్నదమ్మా.”

“మామూలంటే ఏందని మా అన్న అడిగిండు. అందరికీ రాసేదే అన్నవు నువ్వు. నేనిన్న. నేను చెప్తే నాది నేను చెప్పుకున్నట్టు అయితదంట, యమునమ్మ వద్దన్నది. నువ్వు చెప్పు. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. గా రెండు మాటలే.”

“అట్ల చెప్తే కాగితమే పోతదమ్మా. చదవకుండ ఏలిముద్ర ఏసిండంటరు. కాగితం పోతే మొత్తం రాఘవేందర్‌ది. ఎప్పుడు లేపితే అప్పుడు లేవాలె.”

ఆమె అతని మాటను నోట్లో పెట్టుకుని నమిలినట్టు కాసేపు దవడ కదిలించింది. “నిజం చెప్తే పోయే కాగితం ఇన్నేండ్లు దేని మీద నిలవడ్డది సారూ?”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “మా అన్న నన్ను ఒక్కనాడు పరాయిదానిలెక్క చూడలే. ఆఖరుకు, బతికినన్ని దినాలు ఉండి పో అన్నట్టు రాసిండని ఊరంత అంటున్నరు. చెలక సంగతి పక్కకు పెట్టు. మా అన్న గట్ల అనలేదని ఒక్కడు చెప్పాలె. నువ్వు తప్ప ఎవడున్నడు?”

ఆమె లేచి తన నీడలోకి వెళ్ళిపోయింది. అయితే ఆమె అడుగుతున్నది భూమి కాదు. న్యాయస్థానాలు వీలునామాల్లో వెతికేది కూడా ఇదే కదా, పోయినవాని మనసు. అందుకోసమే ఇన్ని సూత్రాలు, ఇన్ని తీర్పులు, ఇంత లావు పుస్తకాలు. అన్నీ కలిసి పుట నలభై మూడును దాటి అవతలికి వెళ్ళలేవు. ఆమె మాత్రం గడపలో నిలబడి విన్నది. నీళ్ళ కుండీ దగ్గర మొహం కడుక్కుందామని లేచాడు. వెనుక అడుగులు. కల్పన.

“సార్, అమ్మ ఏం చెప్పింది? నిజమే చెప్పుమన్నదా?” సమాధానం కోసం ఆగకుండా చేతిలోని ప్లాస్టిక్ కవరును నలుపుతూ గొంతు తగ్గించింది. “అమ్మకు రోగం సంగతి తెల్వదు సార్. కర్నూలు దవాఖానల చూపిచ్చిన. ఊపిరితిత్తులల్ల గడ్డ. పత్తికి మందులు కొట్టీ కొట్టీ అంటున్నరు, ఏమో. ఆరు నెలలు అన్నరు. గంతే.” కవరులో ఎక్స్‌రే వంగి చప్పుడు చేసింది. “నాకు చెలక వద్దు సార్. ఎవలదన్న క్రాసింగుకు పోయి బతుకుత. అమ్మను మాత్రం గా ఇంట్ల నుంచి లేపకుండ చూడు. కిరాయి ఇండ్లల్ల ఎవలన్న సావనిస్తరా సార్? చదివిన అని చెప్పు. నీ కాళ్ళు మొక్కుత.” నిజంగానే వంగబోయింది. చంద్రశేఖర్ వెనక్కి జరిగితే వీపు కుండీకి తగిలి చొక్కా తడిసింది.

మళ్ళీ బల్ల. తడి చొక్కా. చూరు మీది రేకు ఎండకు టక్కుమంటోంది. జీవితకాలము అనుభవించి. ఆరు నెలల జీవితకాలం. తండ్రీ, నీ పేరాలో అది ఎంత పొడుగ్గా వినిపించేది. ఆరు నెలలంటే ఒక పంట. ఎర్ర కాగితాలు తొడిగి తీసేసరికి అయిపోతుంది. అయినా ఆ ఆరు నెలలూ తన గోడకు తల ఆనించి పోవడానికి కావాలి. భీమమ్మకు గోడ ఉండింది. ఈదమ్మకు ఏ గోడ ఉందో తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కనుక్కోలేదు. నిజం చెబితే జములమ్మకు అన్న దొరుకుతాడు, ఇల్లు పోతుంది. అబద్ధం చెబితే ఇల్లు ఉంటుంది, అన్న పోతాడు. ఊరంతా అన్నదే నిజమవుతుంది, కోర్టు ముద్రతో. రెండింటిలో ఏది దయ? ఇంతమంది ఆఖరి మాటలు రాసిన చేతికి ఈ లెక్క తెలియదు. అనంతయ్య అయితే ఏమనేవాడు? ఆ కుంగిన మంచంలోకి దిగి చూడాలి. దిగాడు. వాసాలు. గోడ. గడపలో చెల్లె. దగ్గు. ముందు చేతిలో అట్ట పట్టుకుని కూర్చున్న చదువుకున్న మనిషి. మామూలంటే ఏంది? ఆ మనిషి గడియారం చూసుకుంటున్నాడు.

“చంద్రశేఖర్! దస్తావేజు లేఖరి చంద్రశేఖర్!” చెన్నయ్య గొంతు. రెండవసారి. మూడవసారి. లేచాడు.

బోనులో చెక్క రెయిలింగు చల్లగా ఉంది. ప్రమాణం పలికాడు. వీలునామా చేతికిచ్చారు. మూడవ పుట మీద గుండ్రని అక్షరాలు, ఎంత అందంగా ఉన్నాయో. ఇది మీ దస్తూరేనా? నాదే. అనంతయ్య చెప్పగా రాశారా? రాశాను. రాసినది మొత్తం, ఏడవ పేరాతో సహా, చదివి వినిపించారా?

ఫ్యాను తిరుగుతోంది. వెనుక బెంచీలో ఊపిరి చప్పుడు, అంత దూరం నుంచి కూడా. దాని పక్కన కవరు నలిగిన చప్పుడు.

“వినిపించాను.”

ఆయన విని ఒప్పుకున్నాడా? “ఒప్పుకున్నాడు.” రాఘవేందర్ వకీలు కూర్చున్నాడు. యమున సగం లేచి, ప్రశ్నలేమీ లేవని చెప్పి, టేబులు మీది కాగితాలు సర్దుకుంది. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టలేదు. ప్రింటరులో నుంచి వెచ్చని కాగితం వచ్చింది. సాక్షి చెప్పినదంతా ఇంగ్లీషులో పదకొండు పంక్తులు. అడుగున, ఎప్పుడూ ఉండేదే, చదివి వినిపించగా సరైనదని ఒప్పుకోవడమైనది అన్న ముద్ర. గుమస్తా పెన్ను అందించి వేలితో చోటు చూపాడు. “ఈడ సంతకం, సార్.”

చంద్రశేఖర్ పెన్ను తీసుకోలేదు. “చదవండి.”

“ఏంది సార్?”

“చదివి వినిపించండి. మొత్తం. తెలుగులో.”

గుమస్తా నవ్వబోయాడు. “మీకు తెల్వనిదా సార్, మీరు చెప్పిందేనాయె. మామూలే.”

మేడమ్‌గారు తదుపరి కట్ట మీద నుంచి తలెత్తారు. అతన్ని ఒకసారి చూసి, చదవమన్నట్టు తల ఊపారు. గుమస్తా గొంతు సవరించుకుని, ఒక్కొక్క పంక్తినీ తెలుగులోకి తిప్పుకుంటూ, తడబడుతూ, చదివాడు. నా పేరు. నా తండ్రి పేరు నర్సింహులు. నా వృత్తి. అనంతయ్య చెప్పగా నేను రాసితిని. ఏడవ పేరాతో సహా మొత్తము చదివి వినిపించితిని. అనంతయ్య విని, అర్థము చేసుకుని, తన ఇష్టపూర్వకముగా ఒప్పుకొనెను. ప్రతి మాటా గదిలో ఆ చివరి దాకా వెళ్ళింది. ఎవరూ దగ్గలేదు, ఎవరికీ బస్సు లేదు. సరిగ్గానే ఉందా అని మేడమ్‌గారు అడిగారు. “సరిగ్గా ఉంది” అన్నాడు, సంతకం పెట్టాడు. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి.

బయటికి వెళ్ళడానికి ఆ బెంచీని దాటాలి. కల్పన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. జములమ్మ కళ్ళలో కోపమేమీ లేదు. పుప్పొడి పోయి ఏనాడో నల్లబడిన ఆ చేతులు మోకాళ్ళ మీద అట్లాగే బోర్లించి ఉన్నాయి. అతడు దాటుతుండగా తల ఎత్తకుండానే, పక్కవారితో మాట్లాడినంత మెల్లగా అన్నది.

“మా అన్నకు గూడ గిట్లనే చదివి ఉంటే అయిపోతుండె గద సారూ.”